ఆ జపానువాడు ఎన్ని పందేలు గెలిచాడు?

ఏడు అని సూర్యాపేటలో చెప్పాను. మిర్యాలగూడలో పదకొండు అన్నాను. కోదాడలో ఎవరో నిలదీస్తే, "మధ్యలో ఒక ఏడాది చెయ్యి విరిగి మంచంలో ఉన్నాడు గాని, లేకుంటే పద్దెనిమిదయ్యేవి" అన్నాను. ఈ మూడు ఊళ్ళ మధ్య తిరిగేవాళ్ళు ఎక్కడో ఒక హోటల్లో కూర్చుని ఈ అంకెలు సరిచూసుకుంటారేమో అన్న ఆలోచనే నాకు అప్పుడు రాలేదు.

ఇప్పుడు నాకు యాభై మూడేళ్ళు. నేను చెప్పేదాంట్లో రూపాయికి పావలా తీసేసి వినాలని మా ఇంట్లోవాళ్ళే అంటారు. తీసెయ్యండి, నాకేం కోపం లేదు. కాని ఈ ఒక్క సంగతిలో ఏ పావలా తీసెయ్యాలో నాకే తెలియదు. కల్పించింది నేనే. కల్పించినవాటిలో కొన్ని నిజమని తర్వాత తేలింది. నిజమనుకుని దాచుకున్నవి కొన్ని నేను కల్పించినవేనని మరెవరో గుర్తుచేశారు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాసిపెడదామని కూర్చున్నాను. ఉన్నది ఎలా ఉందో తెలిస్తే కదా అని మీరంటే, అదీ నిజమే.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. అప్పుడు నేను సూర్యాపేటలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాను. ఆ ఏడు ఊరూరా అయోమయంగానే ఉండేది. నిన్నటిదాకా చెల్లిన ఉర్దూ కాగితం ఇవాళ చెల్లుతుందో లేదో కచేరీలో గుమాస్తాకు తెలియదు, అతని పైన కొత్తగా వచ్చి కూర్చున్న అధికారికీ తెలియదు. ఎవరికి సలాం కొట్టాలో, ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియక మా మిల్లు కావలివాడు అందరికీ రెండూ చేసేవాడు.

మా సేటు అప్పుడే మిలిటరీ వేలంలో ఒక లారీ కొన్నాడు. పచ్చరంగు, పొడుగు ముక్కు, ఆరు టైర్లు. తెచ్చిన సిపాయి దాన్ని మిల్లు ఆవరణలో రేకుల కొట్టం కింద నిలబెట్టి, తాళం సేటు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మూడు నెలలు అది అక్కడే నిలబడింది. కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టాయి. సేటు రోజూ పొద్దున్నే దానికి దండం పెట్టి, ఒక్కొక్క టైరూ బొటనవేలితో నొక్కి చూసి, అప్పుడు గద్దె మీదికి వచ్చేవాడు. నడపడానికి మాత్రం ఎవరికీ ఇవ్వడు.

"లారిచ్చుడంటే బిడ్డనిచ్చినట్టే. గుణం సూడాలె" అనేవాడు.

ఆ బిడ్డనడగడానికి వచ్చినవాడే నేను చెప్పే డ్రైవరు. ఆత్మకూరు పక్క పల్లెవాడు, ముప్పైలోపు. కూలినాలి చేసుకునే కిరస్తానీ కుటుంబం. మనిషి పొడుగు, పాదాలైతే ఆ పొడుగుకు కూడా ఎక్కువే. యుద్ధంలో చేరి మలయా దాకా పోయి, అక్కడ జపానువాళ్ళకు పట్టుబడి, వాళ్ళ లారీలు మూడేళ్ళు నడిపి, ఎట్లాగో బతికి తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు తెచ్చుకున్నవి మూడే: ఒక ఖాకీ నిక్కరు, ఒక ఫోటో, డ్రైవింగు.

అతను మిల్లు గుమ్మంలో నిలబడి నాతో అన్న మొదటి మాట నాకు బాగా గుర్తు. ఇది మాత్రం కల్పన కాదు.

"అన్నా, ఉగాది ఇంక ఇరవై దినాలే ఉంది. నా కాళ్ళు కొల్సుకపోయిండ్రు."

నాకేం అర్థం కాలేదు. అతనే చెప్పాడు. మా దిక్కు ఉగాదికి జీతగాళ్ళు కుదురుతారు. కుదిరినవాడికి పటేలు కొత్త గొంగడి, కొత్త చెప్పుల జత ఇస్తాడు. ఆ చెప్పులు తొడిగాడంటే మళ్ళీ ఉగాది వచ్చేదాకా వాడు ఆ పటేలు ఎడ్ల వెనకే. యుద్ధం నుంచి వచ్చి ఊరికే తిరుగుతున్నాడని ఇతని అన్న పటేలుకు మాటిచ్చేశాడట.

"నువ్వెట్ల కొల్వనిచ్చినవ్?" అన్నాను.

"నేనిచ్చిన్నా? నిద్రల ఉన్న. మా అన్ననే జొన్న సొప్పపుల్ల తెచ్చి కొల్సి, ఇరుసుకోని మాదిగోళ్ళింటికి పోయిండు. లేసి సూస్తె మా వదిన నవ్వుతుంది."

"పటేలు దగ్గర ఉంటె ఏమైతది? తిండైతే దొరుకుతది గద."

"మూడేండ్లు జపానోని దగ్గర ఖైదున్న అన్నా. మల్ల ఏడాదికి పోతనా?"

ఆ మాటతో నేను అతని పక్షం అయిపోయాను. నా పక్షం అంటే మాటసాయమే. నా దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటి.

ఫోటో చూపించాడు. అరచేయి అంత ఉంది, మూలలు అరిగిపోయాయి. పైకప్పు లేని, నేలకు ఆనుకున్నంత కురచ కారు. పక్కన అంకె ఒకటి రాసి ఉంది. దానిలో కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని ఒక జపానువాడు కూర్చున్నాడు. నవ్వుతున్నాడో, ఎండకు కళ్ళు చికిలించాడో తెలియదు.

"ఈయననే నాకు నేర్పింది. యుద్ధానికి ముందట పందెం కార్లు నడిపెటోడట. పటాలంల చేరినంక లారీల మీద పెద్దగ ఏసిండ్రు" అన్నాడు.

అంతే. అతను చెప్పింది అంతే. తర్వాత అయిందంతా నా నోటి వల్ల అయింది.

సేటు ముందర నిలబెట్టాను. సేటు పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టి పైదాకా చూశాడు.

"కాయితమున్నదా?"

"జపానోళ్ళు కాయితమియ్యలే సేటు."

"మరి నడుపొస్తదని నేనెట్ల నమ్మాలె? ఎవలు నేర్పిండ్రు?"

"ఒక జపానాయన నేర్పిండు."

సేటు మొహం తిప్పుకోబోయాడు. నేను ఊరుకోలేకపోయాను. ఫోటో లాక్కుని గద్దె మీద పెట్టాను.

"సేటూ, ఈ జపానాయన మామూలోడు కాదు. ఆ దేశంల మోటరు పందేలల్ల వీనిని మించినోడు లేడు. నది పక్కన గుండ్రంగ బాట కట్టిండ్రు, మన గానుగ తిరిగినట్టు తిరగాలె. ఏడుసార్లు గెలిచిండు. రాజు పిలిచి బంగారు గిన్నె ఇచ్చిండు. అసొంటోడు నేర్పిన చెయ్యి ఇది!"

నేను ఆశించింది వేరు. సేటు ఫోటోను కాలే పెనం తాకినట్టు వదిలేశాడు.

"పందెపోడా? పందెపోని శాగిర్దుకు నా లారిస్తనా? వీడు గుర్రమురికిచ్చినట్టు ఉరికిస్తే టైర్లేం గావాలె? పెట్రోలు పర్మిటు నీ తాత ఇస్తడా గుమాస్తా?"

చూడండి, ప్రపంచంలో ఎక్కడైనా మా డ్రైవరు పందెం గెలిచినవాడి దగ్గర నేర్చుకున్నాడంటే గొప్పే కదా! ధాన్యం వ్యాపారి దగ్గర అది దొంగతనం చేసి పట్టుబడినట్టని నాకు తట్టలేదు. అన్న మాట వెనక్కి రాదు. ముందుకే పోవాలి.

"అయ్యో సేటూ, మీరు గుర్రప్పందెమనుకున్నరా! ఆ దేశంల పెట్రోలే లేదాయె. అక్కడ పందెమంటె ముందొచ్చుడు కాదు. అందరికీ ఒక్కొక్క డబ్బ పెట్రోలు పోస్తరు. అండ్ల ఎవడెక్కువ దూరం పోతే వాడు గెలిచినట్టు. టైర్లు గూడ పందెమైనంక కొల్సి సూస్తరు. ఎవనివి తక్కువరిగితే వానికి ఇంకో గిన్నె."

సేటు ఫోటో మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "బుద్ధిమంతుల దేశం" అన్నాడు.

డ్రైవరు నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కోపమా, ఆశ్చర్యమా? మూడేళ్ళు పక్కన కూర్చున్న మనిషి సంగతి తనకు తెలియనిది వీడికెట్లా తెలిసిందా అన్నట్టు ఉంది.

ఆ రోజు నుంచి మిల్లులో పని సాగలేదు. మధ్యాహ్నం హమాలీలు సద్దులు విప్పగానే, "ఏమాయె గుమాస్తా, జపానోడు నిన్న యాడ్నో ఆగిండు" అనేవాళ్ళు. నేను నడిపించేవాణ్ణి. మొదటి పందెంలో వాడి కారుకు తలుపులు లేకపోతే వాళ్ళమ్మ చీర కట్టి నడిపిన సంగతి. నాలుగో పందెంలో డబ్బా అడుగున మిగిలిన పెట్రోలు ఆవిరి మీద మైలున్నర పోయిన సంగతి. బరువు తగ్గాలని పందేనికి ముందు మూడు రోజులు ఉపాసమున్న సంగతి. ఇది విని సేటు తల్లి, "ఏ దేవునికి?" అని అడిగింది. "పెట్రోలుకు" అన్నాను.

నాలుగైదు రోజులకు డ్రైవరు నన్ను తవుడు గదిలోకి పిలిచాడు. తిడతాడనుకున్నాను.

"అన్నా, ఒక్క మాట. నిజం చెప్పు. నీకు వాని సంగతి ఎట్ల ఎరుక?"

"ఏ సంగతి?"

"ఉపాసమున్న సంగతి. వాడు నిజంగనే కొన్ని దినాలు తినకపోయేది. బువ్వ లేక అనుకున్న. వాడు శాన మాటలు చెప్పెటోడన్నా. సగం జపాన్ల, సగం మలయ్ల, కొన్ని చేతులతోని. నాకు రూపాయిల నాలుగణాలే సమజయ్యేది. గిప్పుడు నువ్వు చెప్తుంటె, ఓహో ఇదేనేమో వాడు చెప్పింది అనిపిస్తుంది."

అబద్ధమని ఒప్పుకుందామనుకున్నాను. ఒట్టు. కాని అతని మొహంలో ఏదో వెలుగు ఉంది. తప్పిపోయిన మనిషి సమాచారం దొరికినట్టు. నేను గొంతు సవరించుకుని, "పేపర్ల చదివిన" అన్నాను. అక్కడ నుంచి మాయిద్దరిలో ఎవరు ఎవరికి చెబుతున్నారో గజిబిజి అయిపోయింది. నేనొకటి కల్పించేవాణ్ణి, అతను "అవునవును, ఇంకోటి గూడ" అని ఒకటి కలిపేవాడు, మర్నాడు నేను దాన్ని హమాలీలకు చెప్పేవాణ్ణి.

ఈలోగా సేటు బామ్మర్ది కోదాడ నుంచి వేరే డ్రైవరును పట్టుకొచ్చాడు. తెల్లచొక్కా, జేబులో దువ్వెన, ఒకటి కాదు రెండు కాగితాలు. బెజవాడ దాకా బస్సులు నడిపినవాడు. మా వాణ్ణి చూసి నాతో అన్నాడు:

"ఏవండీ గుమాస్తాగారూ, జపానోళ్ళు యుద్ధంలో ఓడిపోయారు కదండీ? మరి వాళ్ళ దగ్గర నేర్చుకున్నోడు గెలుస్తాడంటారేంటండీ?"

అదీ నిజమే కదా అని నాకే అనిపించింది.

సేటు తేల్చేశాడు. నేను చెప్పిన జపాను పద్ధతే పెడతానన్నాడు. ఒక్కొక్కడికి రెండు డబ్బాల పెట్రోలు. కోదాడ మనిషి యాభై బస్తాలతో కోదాడకు పోయి రావాలి. మావాడు అంతే బరువుతో మిర్యాలగూడకు పోయి రావాలి. ఎవడు మిగిల్చుకొస్తే వాడిది లారీ. పెట్రోలు సేటు తన చేత్తో పోశాడు, గరాటాకు అంటుకున్న చుక్కలు కూడా దులిపి.

కోదాడ మనిషి హారను కొట్టుకుంటూ పోయాడు. బజారులో కుక్కలన్నీ వెంటపడ్డాయి. పన్నెండింటికల్లా కోదాడ చేరాడని తర్వాత తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు సూర్యాపేట ఇంకా నాలుగు మైళ్ళుందనగా లారీ నిలిచిపోయింది. సాయంత్రం నాలుగు జతల ఎద్దులు మా లారీని లాక్కొచ్చాయి. ముందర డోలు ఒక్కటే తక్కువ.

"పెట్రోల్లో నీళ్ళు కలిశాయండీ సేటుగారూ!"

"పోసింది నేనే గద. నేనే కలిపిన్నా?"

ఆ రాత్రే దువ్వెన, కాగితాలు కోదాడ వెళ్ళిపోయాయి.

మా వంతు మూడో రోజు, ఉగాది ఇంక వారముందనగా. సేటు రాలేదు, తల్లిని పంపాడు. ఆమె బిడ్డను మిర్యాలగూడలో ఇచ్చారు. చూసొచ్చినట్టూ ఉంటుంది, డ్రైవరు గుణం పరీక్షించినట్టూ ఉంటుంది. ముందర సీటులో డ్రైవరు, నడుమ ఆమె బట్టల మూట, మూటకివతల ఆమె, తలుపు పక్కన నేను. ఆ మూట అక్కడెందుకు పెట్టిందో అడగనక్కర లేదు, డ్రైవరూ అడగలేదు. అందుబాటులో ఉండాల్సిన గేరు కర్రకు మూట అడ్డమొస్తుంటే చెయ్యి వంచి వంచి వేసేవాడు.

అతను నడిపిన తీరు చెప్పాలి. మిట్ట కనబడితే ముందు నుంచే మెల్లగా జోరు కూడబెట్టేవాడు. దిగుడు కనబడితే ఇంజను ఆపేసేవాడు. బ్రేకు తొక్కడం నేను చూడలేదు. ఒక ఎద్దుల బండి మమ్మల్ని దాటిపోయింది. లేదు, దాటలేదు, పక్కనే వచ్చింది. బండివాడు బీడీకి నిప్పు అడిగాడు, అది మాత్రం నిజం.

"ఓ పిలగా, నేను నడిచి పోయినా ఈ పాటికి నా బిడ్డ ఇంట్ల అన్నం తింటుంటి" అంది ముసలమ్మ.

"టైర్లు కాలొద్దని అవ్వా."

"టైర్లు సల్లగున్నయి గాని నా నడుము కాలుతుంది."

మూసీ దగ్గరికొచ్చాం. ఎండాకాలం, నీళ్ళు ఒక పక్కన సన్నగా పారుతున్నాయి, మిగిలిందంతా ఇసుక. బండ్లు దిగిన జాడ తప్ప బాట లేదు. డ్రైవరు లారీ ఆపి దిగాడు. ఇసుకను కాలితో తొక్కి చూశాడు. తర్వాత వెనక టైరు దగ్గర కూర్చుని గాలి విడిచాడు.

స్స్ స్స్ మని చప్పుడు వినగానే ముసలమ్మ కిందికి దూకినంత పని చేసింది.

"ఓరి నీ పాడుగాను! గాలి తీస్తున్నవేందిరా! నా కొడుకు దినాం దండం పెట్టే టైర్లురా అవి!"

"గాలి తక్కువుంటె ఇసుకల దిగబడదు అవ్వా. అటువోయినంక మల్ల నింపుత."

"ఇది నిండ గాలుంటెనే గద ఉరుకుతది? గుమాస్తా, నువ్వు సూస్త నిలవడ్డవేంది? ఈనికి పిచ్చి లేసింది!"

నిజం చెప్పాలంటే నేను కూడా ఆమె పక్షమే. బండి చక్రం ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని తెలిసినవాళ్ళం. టైరు మెత్తబడితే ఇసుకలో నడుస్తుందని మాకెవరు చెప్పారు? ఆరు టైర్లూ సగం సగం కుంగిపోయాయి. లారీ అలిసిపోయిన బర్రెలాగా కూర్చుంది. అయిపోయింది, ఇతనికి చెప్పులు ఖాయం, నాకు మిల్లులో చివరి రోజు అనుకున్నాను.

డ్రైవరు ఎక్కి, గేరు వేసి, ఎక్కడా ఆపకుండా, తిప్పకుండా, మెల్లగా, పరుపు మీద నడిచినట్టు లారీని అవతలి గట్టుకు తీసుకుపోయాడు. యాభై బస్తాలతో. ముసలమ్మ కళ్ళు మూసుకుని దేవుళ్ళను పిలుస్తూనే ఉంది. గట్టెక్కాక కళ్ళు తెరిచి, "ఆగిందా?" అంది.

"దాటినం అవ్వా."

"ఎప్పుడు?"

సీటు కింద నుంచి గాలిపంపు తీసి డ్రైవరు నా చేతికిచ్చాడు. రెండు టైర్లు అతను, నాలుగు నేను. అట్లా ఎందుకైందో తెలియదు. ముసలమ్మ లారీ నీడలో కూర్చుని ఆకువక్క నములుతూ, "కతలు చెప్పే గాలి ఇటుదెచ్చి నింపు" అంది. నాలుగో టైరు దగ్గర ఊపిరాడక కూలబడ్డాను.

"ఇది యాడ నేర్చుకున్నవ్?" అని అడిగాను.

"జపానాయన చెప్పిందే. సముద్రం ఒడ్డున పందెంల గాలి తీసి గెలిచిండు గద."

"ఏ పందెం?"

"ఐదోది. నువ్వే గదనే చెప్పినవ్ మొన్న, తవుడు గదిల."

"నేనా? టైరులకెళ్ళి గాలి తియ్యొచ్చని నాకిప్పటిదాక తెల్వదు! నువ్వే నాకు చెప్పినవ్."

"నేను చెప్పలే. నువ్వు చెప్తెనే, నిజమేనేమో సూద్దామని ఇయ్యాల తీసిన."

"అంటే... ఇంతకు ముందెన్నడు తియ్యలేదా?"

"మలయల ఇసుకల నడిపిన. తీసినమో లేదో యాదికి లేదు. బాంబులు పడుతుంటె ఏం యాదుంటది?"

ఇద్దరం ఆ ఇసుకలో నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. యాభై బస్తాల బియ్యం, సేటు కన్నతల్లి, అతని ఏడాది బతుకు, అన్నీ ఎవరూ చెప్పని మాట మీద మూసీ దాటాయి. అది ఎవరి మాటో ఈ నాటికీ నేను తేల్చలేకపోయాను. రాత్రిళ్ళు నిద్రపట్టకపోతే ఇదే ఆలోచిస్తాను.

వేములపల్లి పొలాల మీదుగా మిర్యాలగూడ చేరాం. బస్తాలు దింపి, సేటు చెప్పినట్టే అంతే బరువు కందులు ఎక్కించాం. ముసలమ్మ బిడ్డ ఇంటి ముందర పదిమంది మూగి, "ఏడి, జపానోడేడి?" అంటూ డ్రైవరు మొహంలో జపాను వెతికారు. అక్కడే పదకొండు పందేలన్నాను. జనం ఎక్కువుంటే అంకె దానంతటదే పెరుగుతుంది.

తిరుగు ప్రయాణంలో మూసీ దగ్గర అతను దిగకముందే ముసలమ్మ, "పో, తీసిరా గాలి" అంది. దాటాక మళ్ళీ నేనే నింపాను. ఎక్కేటప్పుడు చూస్తే మూట సీటు మీద లేదు. ఆమె కాళ్ళ దగ్గర పెట్టుకుంది. "చెయ్యి మంచిగ ఆడించుకో. ఇందాకటి సంది అవస్థ పడుతున్నవ్" అంది, బయటికి చూస్తూ.

పొద్దుగూకకముందే మిల్లు చేరాం. సేటు పుల్ల పట్టుకుని కాచుకుని ఉన్నాడు. టాంకులో ముంచి తీశాడు. బెత్తెడు తడి. మళ్ళీ ముంచాడు. బెత్తెడే. టైర్లన్నీ నొక్కాడు. హమాలీలు ఈలలు వేశారు. నేను మీసం మీద చెయ్యి వేశాను.

అప్పుడు సేటు అనుకోని పని చేశాడు. గద్దె మీద కూర్చుని ఫోటో తెమ్మన్నాడు.

"ఇగో పిలగా, లారీ నీకే ఇద్దామని ఉంది. కాని రేపు వీని సంగతి నేను నలుగురికి చెప్పాలె. గుమాస్తా మాట గుమాస్తాది. నువ్వు మీ బైబిలు మీద ఒట్టేసి చెప్పు. ఈయన ఏడు పందేలు గెలిచిండా?"

నా చెయ్యి మీసం మీద నుంచి దానంతటదే దిగిపోయింది. డ్రైవరు ఫోటో వైపు చూశాడు. నా వైపు చూశాడు. అవునంటే అయిపోతుంది. ఒక్క ముక్క. నేను కళ్ళతో బతిమాలాను.

"నాకు తెల్వది సేటు" అన్నాడు.

గద్దె మీది ఫోటో చేతిలోకి తీసుకున్నాడు.

"వాని మాట నాకు సగం సమజుకాకపోయేది. ఒకపారి నేనే అడిగిన, ఎన్ని గెలిచినవ్ అని. రెండు వేళ్ళు చూపెట్టిండు. రెండు గెలిచిండనుకున్న. వాడు తల అడ్డం తిప్పి మల్ల చూపెట్టిండు. మొదటి వేలు చూపెట్టి టైరు పట్టుకున్నడు, ఠప్పుమని నోటితోని చప్పుడు చేసిండు. రెండో వేలు చూపెట్టి పెట్రోలు డబ్బ బోర్లించిండు, ఒక్క చుక్క పడలే. తర్వాత నవ్విండు. నాకు తెలిసినకాడికి వాడు రెండు పందేలకే పోయిండు సేటు. రెండూ ఓడిపోయిండు."

సేటు నోరు తెరిచి నా వైపు తిరిగాడు. ఆ చూపు నేను వర్ణించను.

"ఓడిపోయినోని దగ్గర నేర్చుకున్నవా?"

"ఆ. ఒకసారి టైరు పోయింది, ఒకసారి పెట్రోలు పోయింది. అందుకే నాకు ఆ రెండే నేర్పిండు. టైరు కాపాడుడు, పెట్రోలు కాపాడుడు. దబ్బదబ్బ నడుపుడు వాడు నాకు నేర్పనే లే."

సేటు మెడ గోక్కున్నాడు. గెలిచినవాడి శిష్యుడైతే ఇవ్వొచ్చు, ఓడినవాడి శిష్యుడికి ఎట్లా ఇవ్వాలి? కాని మిగిలింది బెత్తెడు. మొదట పందెపువాడని వద్దన్నది తనే, గెలిచినవాడని ఒప్పుకున్నదీ తనే, ఇప్పుడు ఓడినవాడని... తల్లి లోపలి నుంచే కేకేసింది.

"ఓ కొడుకా! పెట్రోలు మిగిలిందా లేదా?"

"మిగిలిందమ్మా."

"మరి ఆ దేశంల ఎవడో గెలిస్తె నీకేంది, ఓడితె నీకేంది? అబద్ధమాడితె లారొస్తదని ఎరుకయినా ఆడలే. గుణం సూస్తనంటివి గద. సూస్తివి గద. తాళమియ్యి. బువ్వ సల్లారుతుంది."

సేటు తాళం ఇచ్చాడు. నాతో మాత్రం పది రోజులు మాట్లాడలేదు. "నువ్వు బస్తాలు లెక్కపెట్టు, పందేలు లెక్కపెట్టకు" అని కావలివాడితో చెప్పి పంపాడు.

ఉగాది పొద్దున డ్రైవరు అన్న మిల్లుకు వచ్చాడు. చంకలో గొంగడి, చేతిలో చెప్పులు. పడవలంత ఉన్నాయి. పచ్చి తోలు వాసన గేటు దాకా కొట్టింది.

"తొడుగురా. పటేలు ఎదురుసూస్తుండు" అన్నాడు అన్న.

"నేను పోనన్న. నాకు లారిచ్చిండ్రు."

"మాటిచ్చిన్ర! ఈ చెప్పులేం జెయ్యాలె? ఊర్ల ఎవనికి పడతయి ఇవి? నేను తొడిగి సూసిన, దాంట్ల ఇల్లు కట్టుకోవచ్చు."

గొంగడి ఇంకో మనిషికి పోయింది. పటేలు కోప్పడ్డాడు గాని, ఆ ఏడు ఎవరిని గట్టిగా అడగాలో ఎవరిని అడగకూడదో తెలియక పటేళ్ళు కూడా తికమకలోనే ఉన్నారు. చెప్పులను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. డ్రైవరు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఒకదాన్ని తాడుతో లారీ వెనక కట్టాడు. రెండోది ముందర కట్టాడు. తొడగని చెప్పులు, పారెయ్యడానికి మనసు రాలేదేమో. మేమడిగితే చెప్పలేదు.

హమాలీలు నన్నడిగారు. సేటు వద్దన్నాడు, నిజమే. కాని వారం రోజులు నోరు మూసుకున్నవాణ్ణి. "జపాన్ల పందేనికి పోయే ప్రతి కారుకు ఒక చెప్పు కడతరు. దిష్టి తగలకుండ" అన్నాను.

ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. డ్రైవరు తర్వాత కాగితాలు తెచ్చుకున్నాడు, సేటు లారీలు మూడయ్యేదాకా ఆ మిల్లులోనే నడిపాడు. ఒకసారి కూర్చోబెట్టి అడిగాను, ఇప్పుడైనా చెప్పు, ఆయన నిజంగా ఎన్ని గెలిచాడని. "ఏడని నువ్వే అన్నవ్ గదనే" అన్నాడు. నవ్వలేదు కూడా. ఫోటో ఏదంటే వాళ్ళింట్లో ఏసు పటం పక్కన ఉందన్నాడు.

మొన్న మిర్యాలగూడలో మిల్లుల దగ్గర వరసగా నిలబడ్డ లారీలు చూశాను. దాదాపు అన్నిటి వెనకా ఒక పాత చెప్పు వేలాడుతోంది. ఒక కుర్ర డ్రైవరును పిలిచి, ఇదేంటని అడిగాను.

"గిదా తాతా? జపాన్ల ఒక పందెపాయన ఉండెనంట. ఆయన బండికి చెప్పు కట్టినంక ఎన్నడు ఓడిపోలేదంట."

"ఎన్ని గెలిచిండంట?"

"ఇరవై ఒకటి" అన్నాడు, తడుముకోకుండా.

నేను ఆశ్చర్యపోయాను. నేనైతే ఎక్కడా పద్దెనిమిది దాటలేదు. అంటే మిగతా మూడూ నిజంగా గెలిచాడేమో.